నొప్పి బిళ్ళ, ఓ ఆశ

మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి వైపు ఇళ్ళలో ఉప్పూ పప్పూ లాగే నొప్పి బిళ్ళలు కూడా సరుకే. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన బోరు నీళ్ళే ఏళ్ళ తరబడి తాగితే కీళ్ళు బిగుసుకుపోతాయి. పొలం పని మాత్రం ఆగదు. మా అవ్వ ఇరవై ఏళ్ళు డైక్లోఫెనాక్ మింగే కూలికి పోయింది. ఇప్పుడామెకి అల్జీమర్స్. నన్ను చూసి "నువ్వెవురి బిడ్డవమ్మా?" అంటుంది.

మొన్న నాయన అడిగాడు: "నొప్పి బిళ్ళ రోజూ ఏసుకుంటే మతిమరుపు రాదంట గదా. నేనూ మొదలుపెడదునా?"

ఆయనకి అరవై రెండు. అడిగింది బిళ్ళ గురించే, భయం మాత్రం వాళ్ళమ్మలా అయిపోతానేమోనని.

ఆ మాట ఉత్తినే పుట్టలేదు. కీళ్ళవాతం ఉన్నవాళ్ళలో అల్జీమర్స్ తక్కువగా కనిపిస్తోందని 1990లో ప్యాట్రిక్ మెక్‌గీర్ బృందం లాన్సెట్‌లో రాసింది. ఈ జబ్బులో మెదడులో పేరుకునే అమిలాయిడ్ చుట్టూ ఇన్‌ఫ్లమేషన్ ఉంటుంది. నొప్పి బిళ్ళలు తగ్గించేది దాన్నే. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 6,989 మందిని ఏళ్ళపాటు గమనిస్తే, రెండేళ్ళకి పైగా ఈ మందులు వాడినవాళ్ళలో ముప్పు 80 శాతం తక్కువని 2001లో తేలింది. నీళ్ళు చేసిన చెడుకి ఈ మంచైనా జరిగుంటే బాగుండేదని నాకూ అనిపించింది.

కానీ గమనించడం వేరు, పరీక్షించడం వేరు. అమెరికాలో అడాప్ట్ అనే ట్రయల్‌లో, ఇంట్లో ఈ జబ్బు ఉన్న, 70 దాటిన 2,500 మందికి పైగా నాప్రోక్సెన్, సెలికాక్సిబ్, లేదా మందు లేని బిళ్ళ ఇచ్చారు. గుండెకి ప్రమాదమన్న అనుమానంతో 2004 డిసెంబర్‌లో ఆపేశారు. తర్వాత లెక్క చూస్తే రక్షణ ఏమీ కనబడలేదు. ఇంకా ముందే మొదలుపెడితే పనిచేస్తుందేమో అనేవాళ్ళున్నారు. దానికి రుజువు లేదు.

మా అవ్వ ఒక్కతీ ఏ సిద్ధాంతాన్నీ నిరూపించదు, కొట్టేయదు. రోజూ బిళ్ళ మింగితే కడుపులో పుండు పడొచ్చనీ, కిడ్నీ దెబ్బతినొచ్చనీ మాత్రం డాక్టర్లకి ఎప్పట్నుంచో తెలుసు. డయాలసిస్‌కి బస్సెక్కేవాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు.

"వద్దు నాయనా" అన్నాను.

ముప్పై ఏళ్ళు పలకల ఫ్యాక్టరీలో కోత మిషన్ పక్కన నిలబడ్డ మనిషి. వినికిడి బాగా తగ్గింది, బీపీ ఉంది. ఈ రెండూ మతిమరుపు ముప్పుని పెంచేవేనని లాన్సెట్ కమిషన్ చెప్పింది. బీపీ బిళ్ళ మానకుండా వేసుకుంటానన్నాడు. చెవి మిషన్ మాటెత్తితే, "జనం చెవిటోడంటారులే" అని నవ్వేశాడు.

ఊరికెళ్ళిన ప్రతిసారీ అడుగుతూనే ఉన్నాను, కాస్త గట్టిగా.