బోరు, అబద్ధం, ఒక పాత సినిమా

ఇయ్యాల పంట ముచ్చట కాదు, సినిమా ముచ్చట. కని తిరిగి తిరిగి బోరు కాడికే వస్త. జర ఓపికతోని చదవుండ్రి.

ఈ ఆదివారం మా పిలగాన్ని చూసెటందుకు పిల్లోళ్లు వస్తున్రు. పిలగాడు డిగ్రీ చదివి, రెండేండ్లు హైదరాబాద్‌ల పని చేసి, అది ఇడిసిపెట్టి వచ్చి నాతోని ఎవుసం చేస్తున్నడు. మా మక్తల్ దిక్కు ఇప్పుడు రైతు పిలగానికి పిల్ల దొరుకుడు ఎంత కష్టమో మీకు చెప్పేదేమున్నది. నిన్న మా బామ్మర్ది వచ్చి మెల్లగ చెవుల చెప్పిండు: "బావా, శుక్రవారం నుంచే బోరు బంద్ పెట్టు. ఆదివారం వాళ్లొచ్చినంక మోటర్ ఎయ్. నీళ్లు దండిగ దుంకుతయ్."

నాకు నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్విన్నో చెప్పాలంటే 1992 ఉగాది కాడికి పోవాలె.

అప్పుడు మాది పాలమూరు జిల్లానే. నారాయణపేట జిల్లా 2019ల అయింది. పండుగకు పోరగాళ్లమంత పైసలు జమ చేసి టీవీ, వీసీఆర్ కిరాయికి తెచ్చి నడి బజార్ల పెట్టినం. తెల్లారెదాక నాలుగు సినిమాలు. రెండు ఫైట్ల సినిమాలు అయినంక మూడోది ఏసినం. అది మేం అడిగిన సినిమా కాదు, క్యాసెట్ మారింది. పేరు 'ఏప్రిల్ 1 విడుదల'. వంశీ తీసిండు, 1991ల వచ్చింది. రాజేంద్రప్రసాద్, శోభన. పాటలు ఇళయరాజాయి. అర్ధగంట అయినంక "ఫైట్ లేదేందిరా" అని ముసలోళ్లు సాపలు దులుపుకొని లేచిన్రు. ఆఖరికి మేం ఆరేడుగురం మిగిలినం. రాజమండ్రి దిక్కు మాట, గోదారోళ్ల ఎటకారం మాకు సగం అర్థం కాలే. అయినా నవ్వి నవ్వి కడుపు నొచ్చింది.

కథ ఏందంటే, దివాకరం అనేటోడు రాజమండ్రిల వీడియో షాపు నడుపుతుంటడు. ఒక పిల్ల మీద మనసు పడ్తడు. ఆమె ఆ ఊరికి ఉద్యోగానికి వచ్చేలోపు ఇల్లు, సామాను అన్నీ సమకూర్చాలని అబద్ధాలాడి, మోసాలు చేసి పైసలు కూడబెడ్తడు. ఆమెకు ఆ సంగతి తెలుస్తది. అప్పుడామె ఒక షరతు పెడ్తది: ఏప్రిల్ 1 దాకా ఒక్క అబద్ధం గూడ ఆడొద్దు. ఇగ చూడుండ్రి. వాడు నిజం చెప్పుడు మొదలు పెట్టంగనే ఊర్ల అందరి గుట్లు బయట పడ్తయి. అబద్ధాలు ఆడినన్ని దినాలు మంచోడు, నిజం చెప్తే అందరికీ పగోడు. ఇది ఎం.ఐ. కిషన్ రాసిన 'హరిశ్చంద్రుడు అబద్ధమాడితే' అనే నవల నుంచి తీసిన్రంట. లేడీస్ టైలర్ పేరు చెప్తే అందరికీ యాదికొస్తది గని, దీని పేరు మా ఊర్ల ఇప్పటికీ నలుగురికి తెల్వదు.

సరే, సినిమా చూసి నవ్వుకున్న నేను ఏం నేర్చుకున్న? ఏం లేదు. 1994ల నా పెండ్లి కుదిరేటప్పుడు మా మామ చేను చూసెటందుకు వస్తున్నడని తెలిసి, రెండు దినాలు బోరు బంద్ పెట్టిన. ఊట ఊరి పైకొచ్చింది. మామ గట్టు మీద నిలబడంగనే మోటర్ ఏసిన. రెండించుల నీళ్లు దుంకినయ్. అవి సన్నగయ్యేలోపే "ఎండల నిలబడ్డరు, చాయ్ తాగుదాం పాండ్రి" అని ఇంటికి తోల్కపోయిన. ఆ దినం మామ పక్కన నిలబడి నోరు తెరిచి చూసిన చిన్న పోరడే, నిన్న నాకు సలహా చెప్పిన బామ్మర్ది!

పెండ్లయిన మొదటి ఎండకాలం మా ఇంటామె బుడ్డల చేనుకు నీళ్లు కట్టనీకె పోయింది. అర్ధగంటకే మోటర్ గాలి పీల్చింది. ఇంటికొచ్చి ఒక్కటే అడిగింది: "ఏమయ్యా, మా నాయిన చూసిన నీళ్లు యాడికి పోయినయ్?" నేను నవ్విద్దామని ఈ సినిమా కథ చెప్పిన. ఆమె నవ్వలే. "ఆమె ఏప్రిల్ దాకే పెట్టింది. నేను బతికినన్ని దినాలు పెడ్తున్న" అన్నది.

ఆ మాట నేను నిలబెట్టుకోలే. 2002ల వానలు మొకం చాటేసినప్పుడు పంట పోయింది, కొత్తగ ఏసిన బోరు గూడ ఎండింది. ముగ్గురి దగ్గర అప్పు తెచ్చిన. ఇంట్ల ఒక్కరి సంగతే చెప్పిన. రాత్రి నిద్ర లేదు, పొద్దున మనుషుల మొకం చూడనీకె మనసొప్పది. చెడ్డ ఆలోచనలు గూడ వచ్చినయ్, దాచేదేమున్నది. ఒక రాత్రి ఆమెనే లేసి కూసొని, "సినిమాల లెక్కనే అనుకో. నెల దినాలు టైం ఇస్తున్న. ఉన్నదంత చెప్పు" అన్నది. నెల పట్టలే. ఆ రాత్రే చెప్పిన. తెల్లారి ఆమె మెడల పుస్తె తప్ప ఉన్న బంగారం అమ్మినం. తీరనీకె ఆరేండ్లు పట్టింది. కని ఆ రాత్రి తర్వాత నాకు నిద్ర వచ్చింది.

అన్నలారా, రైతును అప్పు ఒక్కటే చంపదు. అప్పు దాసుకున్న మౌనం గూడ చంపుతది. ఎవరికి చెప్పకున్నా ఇంట్ల ఒక్కరికన్న చెప్పుండ్రి.

మా పిలగాడు నాకంటే నయం. పిల్లతోని ఫోన్ల ముందే మాట్లాడిండంట: ఐదెకరాల చెల్క, బ్యాంకుల మూడు లక్షల అప్పు, సంగంబండ కాల్వ నీళ్లు మా చెల్కకు ఎక్కవు అని. ఆ పిల్ల అడిగిందంట, "మరి బోరుల నీళ్లెన్ని?" అని. "వచ్చి చూసుకో" అన్నడంట.

ఏమైతదో తెల్వదు. వద్దంటే వద్దంటరు. కని శుక్రవారం, శనివారం గూడ మా మోటర్ నడుస్తనే ఉంటది. ఆదివారం వాళ్లొచ్చేసరికి ఎంత పోస్తే అంతే.

చాయ్ మాత్రం తొందర పెట్టకుండ, నీళ్లు చూసినంకనే ఇస్తం.