ఏ ఫిన్స్ కొనాలి?

మాది కాగజ్‌నగర్. సముద్రం లేదు, పెద్దవాగు ఉంది. ఈత అక్కడే నేర్చుకున్నా. ఇప్పుడు వైజాగ్ రుషికొండలో స్కూబా చేద్దామని డబ్బులు దాస్తున్నా. ఫ్రెండ్స్ ఏమో పొడుగు కార్బన్ ఫిన్స్ చూపించి "ఇవి తీస్కో, సూపర్ ఉన్నయ్" అంటున్నారు.

కానీ అవి ఫ్రీడైవింగ్‌వి. అక్కడ మన దగ్గరుండేది ఒక్క శ్వాసే. తక్కువసార్లు కాళ్లాడించి ఎక్కువ దూరం పోవాలి, అందుకే అంత పొడుగు. స్కూబాలో వీపు మీద సిలిండర్ ఉంటుంది, ఇరుకులో తిరగాలి. పొట్టిగా, గట్టిగా ఉన్నవే నయం. ఏవైనా ముందు పాదానికి సరిపోవాలి. బిగుతైతే పిక్కలు పట్టేస్తాయి, వదులైతే బొబ్బలొస్తాయి.

అమ్మ మాత్రం "నీ ఎంబడి ఎవరుంటర్రా?" అని అడిగింది. అదే అసలు ప్రశ్న. ఫ్రీడైవింగ్‌లో నీళ్లలోనే స్పృహ తప్పొచ్చు. అందుకే దాచిన డబ్బులు ముందు ట్రైనింగ్‌కే. ఫిన్స్ ప్రస్తుతానికి అద్దెవి.