మైత్రీవనం టు పంజాగుట్ట: మూడు క్రీమ్ బిస్కెట్లు

అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు తిరగ్గానే ఫ్లెక్సీలు మీద పడతాయి. జావా, పైథాన్, శాప్, డెవాప్స్... వాటి కింద జిరాక్స్ షాపులు, టీ బండ్లు, పాన్ డబ్బాలు. ఏ కౌంటర్ మీద చూసినా క్రీమ్ బిస్కెట్లే. పొద్దున ఏడింటి బ్యాచ్‌కి పరిగెత్తేవాళ్లకి హాస్టల్ టిఫిన్ అందదు. రాత్రి బ్యాచ్ వదిలేసరికి మెస్‌లో కూర గిన్నె ఖాళీ. మధ్యలో ఆకలి చూసుకునేది పది రూపాయల ప్యాకెట్టే. అందుకే దీన్ని పూట గడిపే తిండి లెక్కన టేస్ట్ చేయాలనిపించింది. మూడు రకాలు కొని పంజాగుట్ట దాకా నడక. మెట్రోలో అయితే ఒక్క స్టేషనే.

ముందు బోర్బన్. పేరు ఫ్రాన్స్ రాజవంశానిది, పుట్టింది 1910లో లండన్‌లో, మనకి అలవాటు చేసింది బ్రిటానియా. పైన చక్కెర పలుకులు, వరసగా చిల్లులు. అవి సోకు కోసం కాదు, కాలేటప్పుడు ఆవిరి పోవడానికి. కరకర బాగుంది, కోకో చేదు కాస్త తగులుతుంది. చాయ్‌లో రెండు సెకన్లు ఓకే, మూడో సెకనుకి సగం గ్లాసు అడుగున.

ఓరియో 1912 నాటి న్యూయార్క్ సరుకు. మన దేశానికి 2011లో వచ్చింది. యాడ్‌లోలా తిప్పి, విడదీసి, ముంచాలంటే పాలు కావాలి. ఫుట్‌పాత్ మీద పాలెక్కడివి? నల్ల బిస్కెట్ చేదు, తెల్ల క్రీమ్ తీపి, జోడీ కుదిరింది. నాలుగోది తినేసరికి మాత్రం మొహం మొత్తింది.

మూడోది డ్యూక్స్ వేఫీ, చాక్లెట్. ఇది మన హైదరాబాద్ కంపెనీదే. పల్చటి వేఫర్ పొరల మధ్య క్రీమ్. కొరికితే పటుక్కున విరిగి, నాలుక మీద కరిగిపోతుంది. చొక్కా నిండా పొడి రాలుతుంది, అది వేరే సంగతి. రుచిలో నా ఓటు దీనికే. కానీ గాలంత తేలిక! ప్యాకెట్ అయిపోయాక కూడా కడుపుకి సమాచారం అందలేదు.

పంజాగుట్ట ఫ్లైఓవర్ నీడలో ప్యాకెట్లు వెనక్కి తిప్పాను. ఎక్కువ బరువున్న పదార్థం ముందు రాయాలన్నది రూలు. చాలా క్రీమ్ బిస్కెట్ల మీద మైదా, చక్కెర, పామాయిల్‌దే ముందు వరస. క్రీమ్ అంటే పాల మీగడ అనుకోకండి, చాలావరకు చక్కెర, నూనె కలిపి గిలక్కొట్టిన ముద్ద. పామాయిల్ ఒంటి వేడికి కరుగుతుంది, నోట్లో ఆ హాయి అందుకే. మే నెలలో బ్యాగులో పెడితే పై బిస్కెట్ ఒకవైపు, కింద బిస్కెట్ ఒకవైపు జారేదీ అందుకే. బరువులో మూడో వంతు అటూ ఇటూగా చక్కెరే. పెద్దవాళ్లకి రోజుకి 50 గ్రాములు దాటొద్దని, 25 లోపైతే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. చిన్న ప్యాకెట్, రెండు చాయ్‌లు పడ్డాయంటే ఆ 25 అక్కడే ఖతం. గంట తర్వాత క్లాసులో మళ్లీ ఆకలి, పైగా నిద్ర.

కాబట్టి రుచికి వేఫీ, చాయ్‌కి బోర్బన్, ఫ్రెండ్‌తో పంచుకోవడానికి ఓరియో. డిన్నర్‌కి మూడూ ఫెయిల్. పక్క బండి మీద వేయించిన పల్లీల పొట్లం ఉంది. ఫ్లేవర్ ఒక్కటే, కానీ రాత్రి బ్యాచ్ అయ్యేదాకా నిలబెడుతుంది.