కర్మమధ్యమున సంధ్య

జయశంకర్ భూపాలపల్లి జిల్లా గణపురం మండలములోని చెల్పూరునకు రాత్రియందు దీపములు ఆరకుండుట క్రొత్త కాదు. అచ్చటి కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రమున 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండు కలవు. ఆ యంత్రములకు సైతము ఓవర్‌హాలింగు కొఱకు నిలుపుదల ఉండును. వానిని నడపు మనుష్యునకు షిఫ్టు ముగియును. మరియొకడు వచ్చి అతని స్థానమున కూర్చుండును. ఆ ఊరిలోనే త్రోవ ప్రక్క నొక చిన్న గదిలో ఫ్లెక్సీలు, పెండ్లి పత్రికలు రూపొందించు ఒక డిజైనరునకు మాత్రము షిఫ్టు లేదు. అతని స్థానమున కూర్చుండువాడును లేడు.

అతడు సోమరి కాడు. అక్షరముల ఒంపు, వర్ణముల పొందిక అతనికి కేవలము జీవనోపాధి కావు. ఒక పెండ్లి పత్రికపై గణపతి రూపము సరిగా కుదురువఱకు అతనికి ఆకలి స్ఫురింపదు. లోపలినుండి తల్లి పిలుచును: "బిడ్డా, జర లేచి బుక్కెడు బువ్వ తినరాదు." "అయిపాయె అవ్వా, ఐదు నిమిషాలు" అని అతడు చెప్పును. ఆ ఐదు నిమిషములు ఏనాడును ఐదుతో ముగియలేదు.

రెండేండ్లకొకమారు మాఘమాసమున మేడారములో సమ్మక్క సారలమ్మల జాతర జరుగును. ఆ దినములలో ఆ ప్రాంతపు త్రోవలన్నియు స్వాగత ఫ్లెక్సీలతో నిండును. అట్టి ఒక జాతరకు ముందు వారమున అతడు మూడు రాత్రులు సరిగా నిద్రింపలేదు. మూడవ రాత్రి, ఆర్డర్ల నడుమ, ఒక వృద్ధుని దశదినకర్మకు నివాళి ఫ్లెక్సీ కావలెనని ఫోను వచ్చినది. వెంటనే వాట్సాప్‌లో ఫోటో వచ్చినది. అతడు పాత ఫైలు నొకదానిని తెరచి, చిత్రము మార్చి, పేరు మార్చి, తేదీలు మార్చి, క్రొత్తగా మనుమల పేర్లు చేర్చి ప్రింటుకు పంపెను. ఆ ఫైలు అంతకుముందు ఒక పుట్టినరోజుకు చేసినది. మనుమల పేర్లకు పైన "శుభాకాంక్షలతో" అను మాట అట్లే మిగిలినది.

మరునాడు మధ్యాహ్నము మృతుని కుమారుడు, ముండితమైన శిరస్సుతో, ఆ ఫ్లెక్సీని చుట్టి చంకన పెట్టుకొని వచ్చెను. కేకలు వేయలేదు. బల్లపై దానిని పరచి, "ఒక్కసారి చూస్కోకపోతివా అన్నా" అని మాత్రము అనెను. అది ఇంటి ముందు గంటసేపు వ్రేలాడినదట. వచ్చిన బంధువులందఱు చదివిరి. డిజైనరు ధనము తిరిగి ఇచ్చెను. క్రొత్తది ముద్రించి ఇచ్చుసరికి కర్మ ముగిసినది.

అటుపిమ్మట అతనిని మిక్కిలిగా బాధించిన విషయ మొకటి కలదు. ఆ రాత్రి తాను అలసినట్లు అతనికి తోచనే లేదు. చేయి చుఱుకుగా నడచినది, రంగులు చక్కగా కుదిరినవి. కన్ను ఆ మాటను చూచినది. మనస్సు దానిని చదువలేదు. పతంజలి మహర్షి యోగాంతరాయములను తొమ్మిదింటిని చెప్పుచు స్త్యానమును, ఆలస్యమును వేర్వేరుగా పేర్కొనెను. ఆలస్యము శరీరచిత్తముల బరువు. స్త్యానము చిత్తము మొద్దువారి పని చేయజాలకుండుట. వ్యవహారమున రెండింటిని కలిపి సోమరితనము అనుచుందురు. అందువలన శ్రమజీవి యొకడు, తాను సోమరి కాడు గనుక తనకు ఏ అంతరాయమును లేదని భ్రమపడును. భ్రాంతిదర్శనము కూడ ఆ తొమ్మిదింటిలోనిదే.

గీత పదునేడవ అధ్యాయమున భగవానుడు ఒక కఠోరమైన మాట చెప్పెను. శాస్త్రము విధింపని ఘోరతపస్సు చేయుచు, దేహమందలి భూతసముదాయమును, అందు అంతర్యామిగా నున్న తనను కూడ కృశింపజేయువారు ఆసుర నిశ్చయము గలవారని ఆయన తీర్పు. రాత్రులు మేల్కొని పనిచేయుటను లోకము తపస్సని పొగడుచున్నది. ఆ పొగడ్తను ఈ శ్లోకముల ముందు నిలిపి చూడవలెను. తిండి, నిద్ర, విహారము, చేష్ట మితముగా నున్నవానికే యోగము దుఃఖనాశకమగునని ఆఱవ అధ్యాయము చెప్పుచున్నది గదా.

మితమనునది లోహమునకు కూడ కలదు. జనగామ సమీపమున పెంబర్తి శిల్పులు ఇత్తడి రేకుపై సుత్తితో రూపములు తీర్చుదురు. కొట్టినకొలది ఇత్తడి గట్టిపడును. ఇంకను కొట్టినచో పగులును. కావున నడుమ దానిని కాచి, చల్లారనిచ్చి, మెత్తబడిన పిమ్మట మరల సుత్తి పట్టవలెను. రేకు చల్లారుచున్న కాలమును పనికాలము కాదని అనగలవా రెవరు?

అదే జనగామ జిల్లాలో, పాలకుర్తి మండలమున, బమ్మెర కలదు. పోతనామాత్యుని స్వస్థలము ఒంటిమిట్ట అని వాదించువారును కలరు. ఆ వివాదము ఇచ్చట అక్కరలేదు. భాగవతము తనకు ఎట్లు ప్రాప్తించినదో ఆయన స్వయముగా అవతారికలో చెప్పినాడు. ఒక పూర్ణిమనాడు చంద్రగ్రహణము రాగా, సజ్జనుల అనుమతి పొంది గంగకు పోయి, స్నానమాచరించి, ఇసుకతిన్నెపై అరమోడ్పు కన్నులతో మహేశ్వరుని ధ్యానించుచుండెను. అప్పుడు శ్రీరాముడు సాక్షాత్కరించి భాగవతమును తెలుగు చేయుమనెను. ఆ వేళ ఆయన వ్రాయుచుండలేదు. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ వేళను ఆయన నిర్ణయింపలేదు. గ్రహణము కవి యొక్క తీరికను చూచి రాదు. అది వచ్చినపుడు లేచిపోవలసినదే.

గజేంద్రమోక్ష ఘట్టమున వైకుంఠవర్ణన సాగక ఆయన లేచి వెలుపలికి పోగా, రాముడే పోతన రూపమున వచ్చి పద్యమును పూరించెనని ఒక ఐతిహ్యము. దానిని నమ్ముటయో మానుటయో పాఠకుల ఇష్టము. కాని సాగనప్పుడు లేచిపోయిన కవిని తెలుగువారు తప్పుపట్టలేదు. పైగా ఆ లేచిపోవుటకే దైవము దిగివచ్చినదని కథ చెప్పుకొనిరి. ఆ మహాగ్రంథము సైతము ఒక్క చేతి పని కాదు. పంచమస్కంధము గంగనది, షష్ఠము సింగనది, ఏకాదశ ద్వాదశములు నారయవి. గీత పదునెనిమిదవ అధ్యాయము ఏ కర్మకైనను ఐదు కారణములు చెప్పినది: అధిష్ఠానము, కర్త, కరణములు, చేష్టలు, దైవము. ఐదింటిలో కర్త ఒకడు మాత్రమే. "నేను లేచినచో పని ఆగిపోవును" అనువాడు తక్కిన నాల్గింటిని తనయందే లెక్కించుకొనుచున్నాడు.

పూర్వులు అహోరాత్రమును ముప్పది ముహూర్తములుగా, అనగా ఒక్కొక్కటి 48 నిమిషములుగా, విభజించిరి. ప్రాతర్మధ్యాహ్నసాయంకాలములందు సంధ్యను నిలిపిరి. సంధ్యావందనము నిత్యకర్మ. నిత్యకర్మకు "ఇప్పుడు నాకు అవసరమా" అను ప్రశ్న లేదు. కోరికతో చేయు కామ్యకర్మకు ఆ ప్రశ్న కలదు. నేడు విరామమును కూడ కామ్యముగా మార్చిరి: కొంతసేపు ఆగినచో ఇంకను ఎక్కువ పని జరుగునట. అట్టి విరామము పనికి దాస్యము చేయును. పని త్వరపెట్టగానే మొదట రద్దగునది అదియే. అలసట తోచినప్పుడు లేతుననుట మఱింత దుర్బలమైన నియమము. తీర్పు చెప్పవలసిన మనస్సే అప్పటికి మొద్దువారియుండును.

ఆ డిజైనరు ముందుగా ఫోనులో అలారము పెట్టుకొనెను. వారము దినములు కూడ నిలువలేదు. పెట్టినవాడును తానే, ఆపువాడును తానే. పిదప అతడు తన చేతిలో లేని గుర్తు నొకదానిని ఎంచుకొనెను. షిఫ్టు దిగిన కార్మికుల మోటారు సైకిళ్ళు ఆ గది ముందునుండి వరుసగా పోవును. ఆ చప్పుడు వినగానే, అక్షరము సగములో నున్నను, లేచి పెరటిలోనికి పోవుట అతని నియమము. ముఖము, కాళ్ళు కడుగుకొనును. తెర వైపు చూచుచున్నంతసేపు ఱెప్పపాటు తగ్గును. అందువలన వేపచెట్టు క్రింద నిలిచి, దూరమున పొగగొట్టము వంక, దాని మీది ఆకాశము వంక కొంతసేపు చూచును. తల్లితో కూడ కూర్చుండి భుజించును. తిరిగి వచ్చిన తరువాత ఫైలులో మొట్టమొదట క్రింది పంక్తినే చదువును.

ప్రతిదినము ఇది సాగుచున్నదని కాదు. శ్రావణమాసపు పెండ్లిండ్ల వేళ రెండు దినములు తప్పినది. మూడవనాటి సాయంకాలము మోటారు సైకిళ్ళు పోవుచుండగా గదిలో బల్లపై ఫోను మ్రోగుచుండెను. తల్లి గడపయొద్ద నిలిచి, "ఎవలో చేస్తున్నరు బిడ్డా" అనెను.

"చెయ్యనీ అవ్వా, కాళ్ళు కడుక్కుంటున్న" అని పెరటిలోనుండి బదులు వచ్చినది.