బడిపిల్లల చేతిపని

ప్రాథమిక పాఠశాలలయందు చిత్రలేఖనమును, బొమ్మలు చేయుటయును తీరికవేళల వినోదములుగా నెంచువారు మనలో పెక్కుమంది గలరు. ఈ తలంపువలన పిల్లలకు గలుగు నష్టము కొంచెము కాదు.

నేనెఱిగిన యొక పాఠశాలలో చేతిపనుల ప్రదర్శనము జరిగెను. బల్లలపై వస్తువులు మిక్కిలి చక్కగా నుండెను. కాని వానిలో పెక్కింటిని చేసినవారు తల్లిదండ్రులు, కొన్ని అంగడిలో కొన్నవి. రెండవ తరగతి బాలుడొకడు తాను బంకమట్టితో చేసిన వంకరకాళ్ల యెద్దును వెనుకకు దాచుకొని నిలుచుండెను. బహుమానము ఒక అట్టమేడకు వచ్చెను. తన చేతిపనికి సిగ్గుపడవలెనని ఆ బాలుడు ఆనాడు నేర్చుకొనెను. ఇంతకంటె చెడ్డపాఠము వేఱొకటి కలదా?

1937వ సంవత్సరమున వార్ధాలో సమావేశమైన విద్యావేత్తలు చేతిపనిని కేంద్రముగా గొని బోధింపవలెనని తీర్మానించిరి. 2020 నాటి జాతీయ విద్యావిధానమును కళలతో మేళవించిన బోధననే కోరుచున్నది. తీర్మానములకు కొఱత లేదు, ఆచరణమునకే కొఱత.

సామగ్రికి ధనము లేదనుట సాకు మాత్రమే. చెఱువుమట్టి, తాటాకులు, ముగ్గుపిండి నేడును మన యూళ్లలో దొరకును. కొండపల్లి పనివారు తేలికయగు పొనికికఱ్ఱను చెక్కి, చింతగింజల పిండియు ఱంపపుపొట్టును కలిపిన మక్కుతో నతికి, లోకము మెచ్చు బొమ్మలు చేయుచున్నారు. చుక్కలు లెక్కించి ముగ్గు పెట్టు బాలికకు గణితము బోధపడదా? ఎండిన మట్టిబొమ్మ యేల పగిలెనని యడుగు బాలుడు ప్రకృతిశాస్త్రమున నడుగిడినవాడే.

ఉపాధ్యాయులారా, నల్లబల్లపై మామిడిపండు గీసి అందఱను దానినే గీయుమనకుడు. తల్లిదండ్రులారా, పిల్లల కుంచె మీరు పట్టకుడు. "ఎట్లు చేసితివి?" అని యడిగి, వారు చెప్పునది తుదివఱకు వినుడు.