రేకు సాగాలంటే

తార్నాక మెట్రో స్టేషన్‌లో దిగి ఉస్మానియా క్యాంపస్‌లోకి వెళ్లేవాళ్లలో చాలామంది ఆర్ట్స్ కాలేజీ ముందు ఫొటో దిగడానికే వెళ్తారు. నా పని ఇంజినీరింగ్ కాలేజీలో, మెకానికల్ వర్క్‌షాపులో.

పరిశోధక విద్యార్థి ఒకతను రెండు ఉక్కు డైలు బల్లమీద పెట్టాడు. ఒకదాని పళ్లు రెండోదాని గాళ్లలో కూర్చుంటాయి. "మధ్యలో అల్యూమినియం రేకు పెట్టి ప్రెస్‌తో నొక్కుతాం సార్. ముడతలు పడ్డాక చదును డైల మధ్య సాపు చేస్తాం. తర్వాత 180 డిగ్రీలు తిప్పి మళ్లీ నొక్కుతాం. మొదటిసారి నలగని చోట్లు ఇప్పుడు నలుగుతాయి" అన్నాడు. మందం దాదాపు మారదు, లోపలి గ్రెయిన్లు, అంటే లోహంలోని చిన్న స్ఫటికాలు, మాత్రం సన్నబడతాయి. ఇదే గ్రూవ్ ప్రెసింగ్. దీనితో రేకుల్లో అతిసన్న గ్రెయిన్లు సాధించామని ఐఐటీ మద్రాసు నుంచి 2005లో పత్రం రాసిన ముగ్గురిలో ఒకరైన ఎ.కృష్ణయ్య ఉస్మానియా మెకానికల్ విభాగంలో ఆచార్యులుగా పనిచేశారు.

సన్నబడితే ఏమిటి లాభం? మామూలు రేకు కాస్త సాగి తెగిపోతుంది. గ్రెయిన్లు 10 మైక్రాన్ల లోపుండే కొన్ని అల్యూమినియం మిశ్రమాలను 500 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిదానంగా లాగితే అసలు పొడవుకు ఎన్నో రెట్లు సాగుతాయి. గ్రెయిన్లు ఒకదాని పక్కనుంచి ఒకటి జారడమే దీని కిటుకు. అప్పుడు ఒకవైపు నుంచి గ్యాస్ ఒత్తిడి పెడితే రేకు పూరీలా పొంగి అచ్చు గోడలకు అతుక్కుంటుంది. రివెట్లతో అతకాల్సిన విమాన భాగం ఒకే ముక్కగా వస్తుంది.

"ఇంత కష్టపడి నలిపిన గ్రెయిన్లు కొలిమిలో పెరిగిపోవా?" అన్నాను.

"పెరుగుతాయి సార్. శుద్ధ అల్యూమినియమైతే చెప్పక్కర్లేదు."

అందుకే సుప్రాల్ అనే అల్యూమినియం మిశ్రమంలో సుమారు 0.4 శాతం జిర్కోనియం కలుపుతారు. దాని సూక్ష్మ కణాలు గ్రెయిన్ల సరిహద్దులను కదలనివ్వవు. విమానాలకు వాడే 7475 మిశ్రమంలో దారి వేరు. ముందు వేడిచేసి పెద్ద కణాలు పెంచి, రేకును రోలింగ్ చేసి, చివర్లో చకచకా వేడెక్కిస్తే ఆ కణాల చుట్టూ కొత్త సన్న గ్రెయిన్లు పుడతాయి. చూడటానికి ప్రెస్ ఘనంగా ఉంటుంది గానీ, నా లెక్కలో అసలు విద్య ఈ కలపడంలోనూ కాల్చడంలోనూ ఉంది.

మరి ప్రెస్ ఎందుకు? వేగం కోసం. గ్యాస్‌తో నిదానంగా పొంగించే పాత పద్ధతిలో ఒక్క భాగానికి పదుల నిమిషాలు పట్టొచ్చు. విమానాలకు అది చెల్లుతుంది, కార్లకు చెల్లదు. జనరల్ మోటార్స్ 5083 మిశ్రమంతో ఈ పనిని వేగవంతం చేసి 2004 మాలిబూ మ్యాక్స్ కారు వెనక తలుపు చేసింది. గ్రెయిన్ ఇంకా సన్నమైతే రేకు ఇంకా వేగంగా, ఇంకా తక్కువ వేడిలో సాగుతుంది. వేడి తగ్గితే గ్రెయిన్లు పెరిగే బెడదా తగ్గుతుంది.