గోలీ డబ్బా చప్పుడు

బల్ల సొరుగులోంచి తెల్ల ప్లాస్టిక్ డబ్బా తీసి నా చెవి పక్కన ఆడించింది అక్క. లోపల ముప్పై మాత్రలు గలగలమన్నాయి. "ఇగో, ఈ చప్పుడుకే భయపడతరు సార్. గోలీ మింగుడుకు కాదు" అంది.

హైదరాబాద్‌లో ఒక జెరాక్స్ దుకాణం పైన రెండు గదుల క్లినిక్ అది. బోర్డు మీద 'ఆరోగ్య సేవలు' అని మాత్రమే ఉంది. ఏ ఆరోగ్యమో ఎందుకు రాయలేదో మెట్లెక్కేటప్పుడు తోచలేదు, దిగేటప్పటికి తెలిసింది. కౌన్సెలర్ ట్రాన్స్ మహిళ. వచ్చిన ప్రతివాళ్లూ అక్కా అంటుంటే అరగంటకి నాకూ అదే పిలుపు అలవాటైంది.

ఆ డబ్బా హెచ్ఐవీ ఉన్నవాళ్లది కాదు. లేనివాళ్లు, రాకుండా వేసుకునే మందు. ప్రెప్ అంటారు. టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, ఎంట్రిసిటబీన్ 200 మిల్లీగ్రాములు కలిపిన మాత్ర, రోజుకొకటి. అమెరికా 2012లో దీనికి అనుమతి ఇచ్చింది. చెప్పినట్టు వాడితే లైంగిక సంబంధాల ద్వారా హెచ్ఐవీ సోకే ముప్పు దాదాపు 99 శాతం తగ్గుతుంది. 'చెప్పినట్టు వాడితే' అన్న ఆ రెండు మాటలే అక్క ఉద్యోగం.

దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో 5,029 మంది స్త్రీలతో జరిపిన 'వాయిస్' అధ్యయనం ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. మాత్రలు ఇంచుమించు 90 శాతం వేసుకున్నామని వాళ్లు చెప్పారు. రక్తం చూస్తే మూడో వంతు నమూనాల్లో కూడా మందు జాడ లేదు. అబద్ధాలాడారని కొట్టిపారేయడం తేలిక. తర్వాత కూర్చుని అడిగితే, డబ్బా కనబడితే ఎయిడ్స్ ఉందనుకుంటారని దాచామని కొందరన్నారు. ఒంట్లో బాగానే ఉండగా రోజూ మందేమిటని ఇంకొందరు. అనుకునేవాళ్లను మాత్రం ఏమనగలం? హెచ్ఐవీ ఉన్నవాళ్లకు మన ఏఆర్‌టీ కేంద్రాల్లో ఇచ్చే మాత్రలోనూ ఉండేది ఈ టెనోఫోవిరే.

మైసూరులో సెక్స్ వర్కర్లు తామే నడుపుకునే 'అశోదయ సమితి' ఇదే మందు ఇచ్చి చూసింది. 647 మంది మొదలుపెడితే 640 మంది చివరిదాకా నిలబడ్డారు, ఒక్కరికీ హెచ్ఐవీ సోకలేదు. మందు ఒకటే. తేడా అంతా, వేసుకున్నావా అని అడిగే మనిషి ఎవరన్న దాంట్లో ఉందని నాకనిపిస్తుంది.

అక్క అడిగే తీరు చూశాను. మొదటి వారాల్లో వికారం, తలనొప్పి ఉంటాయని ముందే చెప్పేస్తుంది. మూడు నెలలకోసారి హెచ్ఐవీ పరీక్ష తప్పదు. తెలియకుండా వైరస్ చేరిన ఒంట్లో ఈ రెండు మందులే పడుతూపోతే, వైరస్ వాటికి లొంగకుండా ముదురుతుంది. మూత్రపిండాల కోసం క్రియాటినిన్ పరీక్ష. సిఫిలిస్, గనేరియాలను ఈ మాత్ర ఆపదు కనుక కండోమ్ మాట మళ్లీ మళ్లీ.

ఒకావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని వచ్చింది. భర్తకు ఈమధ్యే హెచ్ఐవీ బయటపడింది. ఆయన మందులు పనిచేసి వైరస్ అణిగేదాకా ఈమెకు ప్రెప్. "ఒక రోజు మరిస్తే ఏమైతది అక్కా?" అని అడిగింది. మగవాళ్లలో వారానికి నాలుగు మాత్రలు పడినా రక్షణ కనబడిందని అధ్యయనాలున్నాయి. ఆడవాళ్లకు మాత్రం రోజూ వేసుకోమనే చెబుతారు. అక్క ఆ లెక్కలేమీ చెప్పలేదు. "పొద్దుగాల చాయ్‌తోని వేస్కో. చాయ్ మరువవు గదా?" అంది. ఆవిడ మొదటిసారి నవ్వింది.

హెటెరో, అరబిందో వంటి ఈ ఊరి కంపెనీల హెచ్ఐవీ మందులు ఆఫ్రికా దాకా పోతాయి. ఈ మెట్లు ఎక్కడమే వాటికి కష్టం. 2021లో నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్లే నడిపే 'మిత్ర్' క్లినిక్ తెరిచారు. 2025 జనవరిలో అమెరికా సాయం ఆగగానే అది మూతపడింది. ఆ మాటెత్తితే అక్క ఫ్యాన్ వైపు చూసి ఊరుకుంది.

సాయంత్రం డెలివరీ బ్యాగు మోసుకుంటూ ఓ కుర్రాడొచ్చాడు, మూడు నెలల పరీక్షకి. మాత్రలు ఎక్కడ పెడతావని అడిగాను.

"వారానికి సరిపోను తీసి బీ కాంప్లెక్స్ డబ్బాల పెడత సార్. చప్పుడు రాకుంట పైన దూది. ఒకనాడు మా అమ్మ, కాళ్లు గుంజుతున్నయి బిడ్డా, నాకూ ఒకటియ్యి అన్నది. పానం పోయినంత పనైంది. తెల్లారి ఆమెకు కాల్షియం కొనుక్కొచ్చిన. ఇప్పుడు ఇద్దరం ఒక్కటే టైముకు వేసుకుంటం. నేను మరిస్తే ఆమెనే యాది చేస్తది."

ఆరు నెలలకోసారి తీసుకునే లెనకపవిర్ సూది గురించి అతను విన్నాడట. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో దాన్ని తీసుకున్న 2,134 మంది స్త్రీలలో ఒక్కరికీ హెచ్ఐవీ రాలేదు. డాక్టర్ రెడ్డీస్, హెటెరోలు ఏడాదికి 40 డాలర్లకే 2027 నుంచి 120 దేశాలకు ఇస్తామని ప్రకటించాయి. డబ్బా ఉండదు, దూది ఉండదు.

"వస్తే మంచిదే సార్" అన్నాడు బ్యాగు భుజానికి ఎత్తుకుంటూ. "కని అమ్మకు కాల్షియం అయితే బంద్ చెయ్య."